ఆమె నన్ను ‘మీరు’ అనడం మొదలుపెట్టాక

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, ఆఫీసులో కాఫీ మెషిన్ దగ్గర నిలబడి ఫోన్ చూసుకుంటుంటే ఏజెంట్ నుంచి మెయిల్ వచ్చింది. మేము అద్దెకిచ్చిన యూనిట్, అంటే చిన్న అపార్ట్‌మెంట్, దాని వ్యవహారాలు మా తరఫున చూసే ఏజెంట్. టూంగాబీ యూనిట్‌లో టెనెంట్ నిన్న మధ్యాహ్నం గుండెపోటుతో చనిపోయారని తెలియజేయడానికి చింతిస్తున్నామని మొదటి వాక్యం. తాళాలు ఎప్పుడు తీసుకుంటారు, మళ్ళీ అద్దెకు ఎప్పటినుంచి ఇవ్వాలనుకుంటున్నారు అని రెండోది. పాపం ఆ పిల్ల మర్యాదగానే రాసింది. ఆమె కాగితాల్లో నేను ఓనర్ని, పోయినావిడ టెనెంట్.

కాఫీ అక్కడే వదిలేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. పదిహేనేళ్ళకు పైగా నాకు తెలిసిన మనిషి. ఈ దేశంలో నాకు మొదట అన్నం పెట్టిన మనిషి. ఆమె పోయిందన్న వార్త ఇంట్లో మనిషికి వచ్చినట్టు కాకుండా, ఇంటి ఓనర్‌కి వచ్చినట్టు వచ్చింది. అలా రావడానికి కారణం ఎవరో కాదు, నేనే. ఆ సంగతి రాయకుండా ఆమె గురించి ఎన్ని మంచిమాటలు రాసినా అబద్ధమే అవుతుంది.

ఆమెను అందరూ ఆంటీ అనేవారు. సిడ్నీలో మన ఆంటీలకు లోటు లేదు గనక గుర్తు తెలియడానికి టూంగాబీ ఆంటీ అనేవారు. ఊరు తెనాలి దగ్గర. నేను యూనివర్సిటీకని వచ్చినప్పుడు, స్టేషన్‌కి దగ్గర్లో ఎర్ర ఇటుకల యూనిట్ల వరసలో, నలుగురు అమ్మాయిలం ఒక యూనిట్‌లో ఉండేవాళ్ళం. ఎదురు తలుపు ఆమెది. అప్పటికే అంకుల్ పోయి రెండేళ్ళయింది. పిల్లలు లేరు. వృద్ధాశ్రమంలో బట్టలుతికే విభాగంలో పనిచేసేది. తెల్లవారకముందే వెళ్ళి, మధ్యాహ్నానికి వచ్చి, స్నానం చేసి, ఉతికిన నేతచీర కట్టుకుని, తలుపు తీసి ఉంచి కూర్చునేది. తలుపు తీసి ఉందంటే ఎవరైనా రావచ్చని అర్థం.

మొదటిసారి మాట్లాడింది వెనక పెరట్లో బట్టల తీగ దగ్గర. నా దగ్గర క్లిప్పులు లేవు, గాలి చూస్తే ఈడ్చి కొడుతోంది. "ఆంటీ, నీ దగ్గర క్లిప్పులున్నయా? జర ఇస్తవా?" అన్నాను. పక్కనున్న మా రూమ్మేట్, విజయవాడ పిల్ల, నా చెయ్యి గిల్లింది. పెద్దావిడను మొదటిమాటే నువ్వు అనేసిందని దాని కంగారు. మాది హనుమకొండ. మా ఇంట్లో నాయనమ్మనైనా నువ్వు అనే అంటాం, దేవుణ్ణి ఎలా అంటామో అలాగే. అందులో అమర్యాద ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఆంటీ క్లిప్పుల బుట్ట నా చేతికిచ్చి, "ఏ ఊరమ్మాయ్ నీది?" అని అడిగింది. చెప్పాను. తప్పయిందని కూడా నసిగాను. "తప్పేంటి? మా ఆయన పోయాక నన్ను నువ్వు అన్నవాళ్ళే లేరు ఈ దేశంలో. అందరూ అండీ అండీ అని చంపుతున్నారు. నువ్వు అలాగే పిలువు," అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అదే లెక్క. నేను నువ్వు, ఆమె నువ్వు. మిగతా అమ్మాయిలకు ఆమె ‘మీరు’గానే ఉండిపోయింది. ఆ సంగతి నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఆమెకు కొన్ని అలవాట్లుండేవి. అన్నం వార్చిన గంజిలో ఉప్పు వేసుకుని తాగేది. రైలు ఎక్కితే ఎంత ఖాళీగా ఉన్నా తలుపు పక్క సీట్లోనే కూర్చునేది. ఎవరైనా తనకంటే పెద్దవాళ్ళు ఎక్కితే లేవడానికి వీలుగా ఉంటుందట. తనకంటే పెద్దవాళ్ళు తగ్గిపోతున్నారని మాత్రం ఒప్పుకునేది కాదు. పేపర్లో ఇళ్ళ అమ్మకాల పేజీ చదివేది. కొనే ఆశతో కాదు. "ఈ ఇల్లు చూడవే, బాత్‌రూమ్‌లు నాలుగట. మనుషులు ఇద్దరట. వీళ్ళకి రోజూ పేచీ ఏమో ఎందులోకెళ్ళాలని," అని నవ్వేది.

ఇళ్ళ గురించి ఆమెకు తెలిసినంత నాకిప్పటికీ తెలియదు. ఎందుకంటే ఆమెకు దొరక్కుండా పోయింది అదే. ఆమె, అంకుల్, ఇంకో జంట ఒకే విమానంలో ఈ దేశం వచ్చారట. ఇద్దరు మగవాళ్ళకీ ఒకే ఫ్యాక్టరీలో పని, ఒకే జీతం. రెండో ఏట ఆ జంట బ్లాక్‌టౌన్‌లో ఇల్లు కొంటే, అంకుల్ ఇంకో ఏడాది ఆగుదాం, ధరలు దిగుతాయి అన్నాడట. దిగలేదు. మరుసటేడు ఆగారు, ఆ పైయేడు అంకుల్ ఉద్యోగం పోయింది, ఆ తరవాత ఆయనకు జబ్బు చేసింది. ఆ జంటకు ఇప్పుడు నాలుగిళ్ళు. వాళ్ళ పిల్లలకు పెళ్ళిళ్ళప్పుడు తలా ఒకటి ఇచ్చారు. ఒక ఇల్లు ఇంకో ఇల్లును కన్నది, అంతే. వాళ్ళు ఆంటీ కంటే ఎక్కువ కష్టపడిందీ లేదు, ఆంటీ దుబారా చేసిందీ లేదు.

"నీకు కోపం రాదా ఆంటీ?" అని ఒకసారి అడిగాను.

"ఎవరి మీద? మా ఆయన మీదా? పాపం ఆయన మంచికే అన్నాడు," అంది. మళ్ళీ తనే, "వాళ్ళు మొన్న క్షేమం కనుక్కోవడానికొచ్చి ఏమన్నారో తెలుసా? మేము అప్పట్లో తెలివిగా ఆలోచించాం అన్నారు. తెలివేంటే? బస్సులో ముందెక్కినవాడికి సీటు దొరుకుతుంది. దొరికితే కూర్చోమను, ఎవరొద్దన్నారు? నిలబడ్డవాళ్ళకి కాళ్ళు లేవు, మాకు తెలివుంది అని మాత్రం చెప్పొద్దను," అంది. ఆ మాట అన్నప్పుడు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చేతులు ఆగలేదు.

నేను మాత్రం ముందెక్కినదాన్ని కాకపోయినా ఎలాగో లోపలికి దూరినదాన్ని. చదువయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, మా ఆయనకూ మంచి ఉద్యోగం. ఇద్దరి జీతాలూ, మా మామగారు అక్కడ పొలం అమ్మి పంపిన సాయం కలిపి స్కోఫీల్డ్స్‌లో కొత్తగా వేసిన వీధిలో ఇల్లు కట్టుకున్నాం. మొక్కలింకా కర్రల ఆసరాతో నిలబడుతున్న వీధి. అప్పటికి మన పార్టీల్లో ఒక కొత్త ప్రశ్న వచ్చింది. పూర్వం ‘మీకెంతమంది’ అని పిల్లల్ని అడిగేవారు. ఇప్పుడు బార్బెక్యూ దగ్గర ప్లేటు పట్టుకుని ‘మీకెన్ని’ అని అడుగుతారు. ఇళ్ళన్నమాట. ఒకటే అంటే జాలిగా చూసి, ఈక్విటీ తీసి, అంటే ఉన్న ఇంటికి పెరిగిన విలువ మీద అప్పు తెచ్చి, ఇంకోటి ఎలా కొనాలో వివరంగా చెప్తారు. ఆంటీని ఎవరూ అడిగేవారు కాదు. ఆమె ప్లేట్లో ఇంకో గారె వేసి పక్కకు వెళ్ళేవారు.

కానీ ప్రతి గృహప్రవేశానికీ ఆమె కావాలి. దానికో కథ ఉంది. ఇక్కడి కొత్త ఇళ్ళలో ఇండక్షన్ పొయ్యిలు. పాలు పొంగించడానికి మనవాళ్ళు ఊరి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గిన్నె పెడతారు. ఇండక్షన్ మీద ఇత్తడి వేడెక్కదు. పూజారి ముహూర్తం దాటిపోతోందంటూ గడియారం చూస్తుంటాడు, లక్షలు పోసి కట్టిన వంటింట్లో గ్లాసెడు పాలు చల్లగా అలాగే ఉంటాయి. మా ఇంట్లోనూ అదే జరిగింది. అందరూ గిన్నె చుట్టూ చేరి చూస్తున్నారు. మా ఆయన యూట్యూబ్ తెరిచాడు. ఆంటీ టూంగాబీ నుంచి రైల్లో ఈడ్చుకొచ్చిన ట్రాలీ బ్యాగ్ జిప్పు తీసి క్యాంపింగ్ గ్యాస్ స్టవ్ బయటపెట్టింది. ఇంకో జేబులోంచి ప్లాస్టిక్ షవర్ క్యాప్ తీసి మా ఆయనకిచ్చి, "కుర్చీ ఎక్కి ఆ స్మోక్ అలారానికి తొడుగు నాయనా, హోమం అయ్యేదాకా. లేకపోతే ఫైరింజన్ వస్తుంది," అంది.

అగ్గిపుల్ల నా చేతికివ్వబోతే నేనే ఆమెను వెలిగించమన్నాను. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు మొహాలు చూసుకున్నారు. భర్త లేనావిడ అని. ఆంటీ చూసింది, తొణకలేదు. "మంట నేను వెలిగిస్తా, పొంగించేది నువ్వు. మీ అత్తగారి గిన్నె, మీ పాలు, నా గ్యాస్. అందరి వాటా ఉంటుంది," అంది. పాలు మూడు వైపులా పొంగాయి. ఆ తరవాత ఎన్నిళ్ళలో ఆ స్టవ్ వెలిగిందో లెక్క లేదు. ఈ చుట్టుపక్కల సగం ఇళ్ళలో మొదటి మంట అద్దెయింట్లో ఉండే ఆవిడ చేతిదే.

ఇప్పుడు నేను చెప్పాల్సిన భాగం వస్తుంది.

ఆరేళ్ళ క్రితం ఆమె యూనిట్ ఓనర్ చనిపోయాడు. ముసలి ఇటాలియన్, ఏనాడూ పెద్దగా అద్దె పెంచలేదు. కొడుకులు అమ్మకానికి పెట్టారు. ప్రతి శనివారం ఇన్‌స్పెక్షన్. అరగంట సేపు తలుపులు బార్లా తీసి, ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఆమె అలమారలు తెరిచి చూసేవారు. తాళింపు వాసన రాకూడదని, గురువారం నుంచీ పోపు పెట్టొద్దని వాళ్ళ తరఫు ఏజెంట్ మర్యాదగా అడిగాడట. ఆమె మూడు వారాలు గురు, శుక్ర, శనివారాలు పెరుగన్నంతో గడిపింది. ఇన్‌స్పెక్షన్ జరిగే అరగంటా స్టేషన్ ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చునేది. ఒక శనివారం నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "కొన్నవాళ్ళు వాళ్ళే వచ్చి ఉంటామంటే నేను ఎటు పోవాలే? ఈ వయసులో నాకెవడిస్తాడు ఇల్లు? అప్లికేషన్‌లో ఉద్యోగం దగ్గర ఏమని రాయను?" అంది. ఆమె గొంతులో భయం వినడం నాకు అదే మొదటిసారి.

ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. మనమే కొందాం, ఆంటీ ఉండిపోతుంది. ఆయన లాప్‌టాప్ తెరిచి చూశాడు. స్టేషన్ పక్కనే, అద్దెకు ఢోకా లేదు, మంచిదే అన్నాడు. నేను పుణ్యం అనుకున్నాను, ఆయన పెట్టుబడి అనుకున్నాడు. ఇద్దరం ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాం. నిజం చెప్పాలంటే నేనూ రెండూ అనుకున్నాను. ఆంటీకి చెప్పినప్పుడు ఆమె నా చేతులు పట్టుకుంది, మనవాళ్ళే అయ్యారు పోనీలే అంది. ఆ రోజు నువ్వు అనే అంది, నాకు బాగా గుర్తు.

రిజిస్ట్రేషన్ అయిన వారానికి ఫోన్ చేసింది. "నమస్కారమండీ. నేను టూంగాబీ నుంచి మాట్లాడుతున్నాను. మీకు ఇబ్బంది లేకపోతే, వంటింట్లో కుళాయి కారుతోందండీ, మనిషిని పంపిస్తారా?"

నేను పగలబడి నవ్వాను. ఏం నాటకాలు ఆంటీ అన్నాను. అటునుంచి నవ్వు రాలేదు. మనిషిని పంపాను. ఆ తరవాత వెళ్ళినప్పుడు, కూర్చోండి అంది. మంచినీళ్ళు తీసుకోండి అంది. నేను బతిమాలాను, కసిరాను, అలిగాను. ఆమె పకోడీలు వేసి పెట్టింది, నా పెద్దమ్మాయికి జడ వేసింది, నా తలనొప్పికి అమృతాంజనం రాసింది. అన్నీ మునుపటిలాగే. మాట మాత్రం మారిపోయింది.

దాన్ని వెనక్కి రప్పించాలని నేను చేయని వెధవ ప్రయత్నం లేదు. ఒక శనివారం డబ్బా నిండా నువ్వుండలు చేసిపెట్టింది. ఇదే అదననుకుని, "ఇవి దేంతోటి చేసినవ్ ఆంటీ?" అని అమాయకంగా అడిగాను. నా ఎత్తు ఆమెకు తెలిసిపోయింది. పెదవి బిగబట్టి, "తిలలతోనండీ. తిలలూ, బెల్లమూ," అంది. ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక, ఇంకోటి తీసుకోండి అంది.

నా ‘నువ్వు’ మాత్రం అలాగే ఉంది. అది నాకు ఎంత ఇబ్బంది తెచ్చిందో ఒక పెళ్ళి విందులో తెలిసింది. "నువ్వెప్పుడొచ్చినవ్ ఆంటీ?" అన్నాను. "ఇప్పుడే వచ్చానండీ," అంది ఆంటీ. పక్కనున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది. మర్నాటికి ఆ మాట చక్కర్లు కొట్టి నా దగ్గరికే వచ్చింది: అద్దెకున్న పెద్దావిడను పనిమనిషిని పిలిచినట్టు నువ్వు అంటుందట, ఆవిడేమో భయంభయంగా అండీ అంటుందట. అదే నోరు, అదే మాట. బట్టల తీగ దగ్గర అది ప్రేమ, ఇల్లు నా పేరున మారాక అది పొగరు. నేను కూడా మీరు అని చూశాను ఒకసారి. ఆంటీ మొహం చిన్నబుచ్చుకుని, "మీ నోట్లో ఆ మాట బాగోదు. మీరు అలా అనకండి," అంది.

మా పెద్దమ్మాయి ఇక్కడ పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. కారెక్కుతూ అడిగింది, "వై డజ్ షి టాక్ టు యూ లైక్ యూ ఆర్ ద ప్రిన్సిపల్?" అని. మరుసటి వారం ఆ ప్రశ్నే ఆంటీని సూటిగా అడిగాను. నేను నీకేమన్న అన్యాయం చేసిన్నా అని.

ఆమె నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "అన్యాయమేం లేదు. చూడండి. నువ్వు నువ్వు అనుకుంటూనే ఉన్నామనుకోండి. రేపు వేణ్ణీళ్ళు రాకపోతే నేనేమనుకుంటాను? మన పిల్లే కదా, ఎందుకు ఇబ్బంది పెట్టడం, నాలుగు రోజులు చన్నీళ్ళు పోసుకుందాం అనుకుంటాను. మీరేమనుకుంటారు? మన ఆంటీయే కదా, వచ్చే వారం చూద్దాం అనుకుంటారు. ఇద్దరం మంచివాళ్ళమే. చన్నీళ్ళు మాత్రం నాకే. మీరు అంటే నాకు అడగడానికి నోరొస్తుంది," అంది.

ఇందులో ఒక్క అక్షరం కూడా తప్పు కనబడలేదు నాకు. అందుకే ఎక్కువ బాధ కలిగింది. నేను ఆమెను కాపాడానని అనుకుంటున్నాను. ఆమె నా మంచితనం నుంచి తనను తాను కాపాడుకుంటోంది.

అది ఎంత అవసరమో నేనే రుజువు చేశాను. వడ్డీలు పెరిగిన ఏడాది, స్కూల్ దగ్గర పిల్లల కోసం కారులో ఎదురుచూస్తుంటే ఏజెంట్ మెయిల్ వచ్చింది. చుట్టుపక్కల అద్దెల ప్రకారం పెంచవచ్చు, సరేనంటే ఈ బటన్ నొక్కండి అని. ఆంటీ గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. ముందున్న కారు కదిలింది, వెనకాల వాళ్ళు హారన్ కొట్టారు, బటన్ నొక్కేశాను. తరవాత మా ఆయనతో మాట్లాడి తగ్గిద్దాంలే అనుకున్నాను. మాట్లాడలేదు. ఆంటీ అద్దె ఒక్కరోజు ఆలస్యం కాకుండా కడుతూనే ఉంది. శనివారాలు నేను వెళ్తూనే ఉన్నాను, పకోడీలు తింటూనే ఉన్నాను. ఆ ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మూడు నెలల తరవాత, పిల్లలకు సెలవులని, శనివారం కాకుండా బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. ఎవరో కుర్ర అమ్మాయి తలుపు తీసింది. ఒంగోలు నుంచి వచ్చిన స్టూడెంట్. చిన్న గది ఆమెకు అద్దెకిచ్చిందట ఆంటీ. "ఆంటీ డ్యూటీకెళ్ళారండీ. మీరెవరండీ?" అని అడిగింది. నేను ఏం చెప్పాలి? ఎదురింటి అమ్మాయిననొచ్చు, హనుమకొండ పిల్లననొచ్చు. నా నోట్లోంచి వచ్చిన మాట, "ఓనర్ని." ఆ పిల్ల మొహంలో రంగు మారింది, వెంటనే లోపలికి రమ్మని కుర్చీ తుడిచింది.

రిటైరై హాయిగా ఉన్న మనిషి మళ్ళీ డ్యూటీకి వెళ్తోంది. వారానికి మూడు రోజులు, అదే వృద్ధాశ్రమంలో, తనకంటే చిన్నవాళ్ళు కూడా ఉన్న ఆ ఆశ్రమంలో దుప్పట్లు ఉతకడానికి. మా యూనిట్ మేము ఏ పనీ చేయకుండానే ఏటేటా విలువ పెంచుకుంటోంది. ఆమె తెల్లవారుజామున లేచి వెళ్ళి సంపాదించింది దాని ఒళ్ళోకే చేరుతోంది. లోకంలో ఉన్నవాళ్ళ దగ్గరికే ఇంకా ఎలా చేరుతుందో అని మనం టీవీ చూస్తూ ఆశ్చర్యపోతాం. నాకు తెలిసిన జవాబు ఇది: ఒక బటన్, వెనకాల ఒక హారన్.

సాయంత్రం ఆమె వచ్చేదాకా కూర్చున్నాను. తప్పు చేసిన, పాత అద్దెకే మార్పిస్త అన్నాను. ఆమె చెప్పులు విప్పి పక్కకు పెట్టి, "జాలితో అయితే వద్దండీ. జాలి ఈ ఏడు ఉంటుంది, వచ్చే ఏడు ఉంటుందో లేదో. నాకు కాగితం కావాలి," అంది. ఇంట్లో రెండు వారాలు గొడవ పడ్డాక కాగితం రాయించాం. ఉన్నన్నాళ్ళూ ఉండేలా, అద్దె పెరగకుండా. ఆ స్టూడెంట్ పేరు కూడా అందులో చేర్చమంది ఆంటీ. ఏజెంట్ పిల్ల రెండుసార్లు ఫోన్ చేసి, నిజంగానేనా అని అడిగింది. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేజీ చదివి సంతకం చేసింది. డ్యూటీ మానేసింది. థాంక్స్ అండీ అంది.

ఇక ఇప్పుడైనా అంటుందేమో అని ఆశపడ్డాను. అనలేదు. ఆఖరి శనివారం కూడా, మళ్ళీ వారం వస్తారుగా అనే అంది. సోమవారం మధ్యాహ్నం పోయింది. స్టూడెంట్ యూనివర్సిటీ నుంచి వచ్చి చూసి అంబులెన్స్ పిలిచింది. ఆంటీ ఫోన్‌కి లాక్ ఉంది. ఫ్రిజ్ మీద అంటించిన ఏజెంట్ నంబర్ ఒక్కటే ఆ పిల్లకు దొరికింది.

అంత్యక్రియలకు చాలామందే వచ్చారు, ఆమె వెలిగించిన మంట మీద పాలు పొంగిన ఇళ్ళవాళ్ళు. తెనాలిలో ఉన్న తమ్ముడికి వీడియో కాల్ పట్టుకోవడం, పురోహితుడికి కావలసినవి అందించడం, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టడం, ఇవన్నీ నా మీదే పడ్డాయి. ఏడుపు రాలేదు. బయట పార్కింగ్‌లో ఇద్దరు మగవాళ్ళు, టూంగాబీలో యూనిట్లు ఇప్పుడెంత పలుకుతున్నాయో మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు.

తరవాతి వారం సామాను తీయడానికి వెళ్ళాను. ఏజెంట్ పిల్ల వచ్చి గదిగదికీ తిరుగుతూ కండిషన్ రిపోర్టు రాసుకుంటోంది. ఒంగోలు అమ్మాయి వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. నువ్వు ఇక్కడే ఉండొచ్చు, అదే అద్దె అని చెప్పాను. తల ఊపింది. ఇంకేదో అడగాలని తటపటాయించింది.

"మేడమ్, మీరు ఓనర్ కదా, ఆంటీకి తెలిసినవాళ్ళు మీకు తెలిసుంటారని అడుగుతున్నానండీ. ఆంటీకి కూతురుగానీ మేనకోడలుగానీ ఎవరైనా ఉన్నారాండీ ఇక్కడ?"

లేరు, ఎందుకన్నాను.

"రోజూ ఒకావిడ గురించి చెప్పేవారండీ. పేరు చెప్పేవారు కాదు. అది అనేవారు. అది శనివారం వస్తుంది, దానికి మజ్జిగ తీసిపెట్టాలి అని. అది ఇళ్ళ మీద ఇళ్ళు నెత్తినేసుకుని తిండి మానేసింది, ఎలా చిక్కిపోయిందో దాని మొహం చూశావా అని. నేనెక్కడ చూస్తానండీ, శనివారాలు నాకు షాపులో షిఫ్ట్. మొన్న అంత్యక్రియల్లో వెతికాను, ఎవరైనా బాగా ఏడుస్తారేమో, ఆవిడే అయ్యుంటారని. ఎవరూ కనబళ్ళేదు. ఆంటీ పోయారని ఆవిడకి ఎవరు చెప్తారండీ?"

ఆ పిల్ల పైఅరలోంచి స్టీలు డబ్బా దించి నా ముందు పెట్టింది. "ఇది ఆవిడకేనండీ. ఆ ఆదివారమే కందిపొడి కొట్టి పెట్టారు. మీకు తెలిస్తే అందజేస్తారా?"

మూత మీద తెల్ల టేపు. దాని మీద బాల్‌పెన్‌తో, కుడివైపుకు వాలిన ఆమె రాతలో, ఒకే మాట. దానికి.

నేను మీరుగా ఉన్నన్నాళ్ళూ, నా వెనక నేను అదిగానే ఉన్నాను. ఇంట్లో పిల్లనైతేనే అంత చనువుగా అలా అంటారు. ఎదురుగా అంటే ఇక ఏదీ అడగడానికి తనకు నోరు రాదని, ఆ మాటను ఈ గోడల మధ్య దాచిపెట్టుకుంది. ఇల్లు నా పేరున ఉంది గానీ, ఇందులో రోజూ ఏం వినబడుతోందో నాకు తెలియలేదు.

అది నేనే అని ఆ అమ్మాయికి చెప్పాను. ఏడుపు అప్పుడొచ్చింది నాకు, అంతా కలిసి ఒకేసారి.

ఏజెంట్ పిల్ల గుమ్మంలోంచి తొంగిచూసి, నొచ్చుకుంటూనే డబ్బా వైపు పెన్ను చూపించింది. "సారీ. ఈజ్ దట్ ద టెనెంట్స్, ఆర్ యువర్స్?"

"మైన్," అన్నాను.

రాసుకుని వెళ్ళింది. నేను డబ్బా తీసుకుని బయట మెట్ల మీద కూర్చున్నాను. టేపు ఒక కొస లేచి ఉంది. బొటనవేలితో నొక్కి పట్టుకున్నాను. వదిలితే మళ్ళీ లేచింది. మళ్ళీ నొక్కాను.